తిరగెయ్యి, గుణించు

తండ్రి పుట్టినరోజు పొద్దున హేరిమ్ వంటింట్లోకి వచ్చేసరికి పుట్టినరోజు ఆనవాయితీగా చేసే సముద్రపు నాచు సూపు పొయ్యి మీద ఉడుకుతోంది. తల్లి మల్సూన్ చేపలు వేయిస్తూ, వెనక్కి తిరగకుండానే అంది.

"ఇవాళ్టికి చెప్పకే. ఆయన్ని కడుపునిండా తిననియ్యి."

"తిన్నాకే చెప్తానమ్మా."

"తిన్నాక అరగనియ్యి."

హేరిమ్ కొరియాలోని తేగు నగరంలో లెక్కల టీచరు. తండ్రి ప్యో జాంగ్సిక్ అదే ఊళ్లో పేరున్న లెక్కల ట్యూషన్ సెంటర్ నడుపుతాడు. పిల్లల్ని ఆయనకి అప్పజెబితే చాలు, గట్టెక్కినట్టేనని తల్లుల నమ్మకం. ఈమధ్య ఆయన గొంతు బొంగురుపోయింది. ఎక్కువగా మాట్లాడొద్దన్నాడు డాక్టరు. ఇక సెంటర్ పెద్ద కూతురిదేనని పేటంతా అనుకుంటోంది. ఆ పెద్ద కూతురు మాత్రం బడికి సెలవు పెట్టి, సియోల్లో గణిత విద్య మీద డాక్టరేట్ చెయ్యడానికి సీటు తెచ్చుకుంది. ఆ సంగతి తల్లికి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

చెల్లెలు సెబ్యోల్ కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆమెది పక్కపేటలో హెయిర్ సెలూన్. పండగలకీ పుట్టినరోజులకీ తప్ప ఈ ఇంటికి రాదు. వచ్చినా తండ్రికి ఎదురుగా కూర్చోదు. ముఖం చూడాల్సిన పని లేకుండా పక్కన కూర్చుంటుంది.

సూపు సగమయ్యాక జాంగ్సిక్ గొంతు సవరించుకున్నాడు.

"వసంతానికి సెంటర్ ముందు కొత్త బోర్డు రాయిస్తున్నా. 'ప్యో తండ్రీకూతుళ్ల గణితం.' నిన్న తల్లులకి కూడా చెప్పేశా."

హేరిమ్ చెంచా కింద పెట్టింది. "నన్నడక్కుండానా?"

"నిన్నడిగేదేముంది?"

"నేను రాను నాన్నా. మార్చిలో సియోల్ వెళ్తున్నా. డాక్టరేట్ చేస్తా."

ఆయన ముఖం క్షణంపాటు వెలిగింది. "గణితంలోనా?"

"గణిత విద్యలో. పిల్లలు లెక్కలెలా నేర్చుకుంటారో, ఎక్కడ వదిలేస్తారో చూడాలి."

"బద్ధకం దగ్గర వదిలేస్తారు. ఇదిగో, నీ పరిశోధన అయిపోయింది. ఇక బోర్డు సంగతి చూద్దాం."

"నవ్వులాటగా ఉందా నాన్నా? మునిగిపోయే పిల్లలు కేకలెయ్యరు. తలొంచుకుని బోర్డు మీదిది నోట్సులోకి ఎక్కించుకుంటూ మునిగిపోతారు. ప్రతి ఏడూ నా కళ్లముందే మునుగుతున్నారు. మంచి టీచరనే పేరు మోస్తూ చూస్తూ కూచోలేను."

"నా దగ్గర చదివినోళ్లు డాక్టర్లయ్యారు, జడ్జీలయ్యారు."

"నా పరిశోధన వాళ్ల గురించి కాదు."

"మరెవరి గురించి?"

హేరిమ్ చూపు తనకు తెలియకుండానే చెల్లెలి వైపు వెళ్లింది.

"నా గురించి" అంది సెబ్యోల్.

చేప ముల్లు తీస్తున్న తల్లి చేతులు ఆగాయి.

"చిన్నప్పుడు మీ క్లాసులో ఒకటడిగా నాన్నా. భిన్నంతో భాగించమంటే ఎందుకు తిరగేస్తాం అని. 'ఎందుకని అడిగేవాళ్లకి పరీక్షలో టైము చాలదు. తిరగెయ్యి, గుణించు' అన్నారు. అందరూ నవ్వారు. అది పోనీండి. ఇంటికొచ్చి అమ్మతో అన్నారు చూడండి, 'చిన్నదానికి బుర్ర లేదు, ఉన్నదంతా పెద్దదానికే వచ్చింది' అని. నేను తలుపవతలే ఉన్నా."

"అంత చిన్న మాట పట్టుకుని..."

"మాట చిన్నదే. నేనూ చిన్నదాన్నే."

జాంగ్సిక్ విసురుగా లేచాడు. "పుట్టినరోజు పూట నా తప్పులెంచడానికి వచ్చారా ఇద్దరూ? వెళ్లవే, డాక్టరేట్ చేసుకో. మళ్లీ ఈ గడప తొక్కకు."

"వెళ్తా" అంది హేరిమ్. చూపు దించలేదు. "గడప కూడా తొక్కుతా. ఇది అమ్మ ఇల్లు కూడా."

"అవును" అంది మల్సూన్. ఆ మాట ఆమె నోటి నుంచి రావడంతో అందరూ అటు తిరిగారు. "ఆవేళ తలుపవతల చిన్నది ఉందని నాకు తెలుసు. అయినా నోరెత్తలేదు. ఇవాళ ఊరుకోను. పెద్దది వెళ్తుంది. మీరు కూచోండి."

ఆయన కూర్చోలేదు. బాల్కనీ అద్దం దగ్గర వీపు చూపిస్తూ నిలబడ్డాడు. మల్సూన్ గిన్నెలు తీసేసి, పియర్ పళ్లు, కత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

చాలాసేపటికి జాంగ్సిక్ వచ్చి, ఎప్పుడూ కూర్చునే కుర్చీ వదిలి, సెబ్యోల్‌కి ఎదురుగా కూర్చున్నాడు. రెండు పళ్లు ముందుకు లాక్కున్నాడు.

"రెండు పళ్లున్నాయి. మనిషికి ఒక పండులో మూడింట రెండు వంతులు ఇవ్వాలి. ఎంతమందికొస్తుంది?"

"ఇప్పుడెందుకు?"

"అడిగావు కదా."

ఒక్కో పండునీ మూడు ముక్కలు చేశాడు. "ఆరు ముక్కలయ్యాయి. అంటే మూడుతో గుణించాం. మనిషికి రెండేసి ముక్కలు. అంటే రెండుతో భాగించాలి."

"ముగ్గురికొస్తుంది."

"కింద ఉన్న మూడుతో గుణించాం, పైన ఉన్న రెండుతో భాగించాం. తిరగెయ్యడమంటే అంతే."

సెబ్యోల్ ముక్కల్ని మళ్లీ లెక్కపెట్టింది. "ఇంతేనా?"

"ఇంతే."

"ఇది మీకప్పుడూ తెలుసా?"

ఆయన తలూపాడు. కత్తి కింద పెట్టి, అరచేత్తో కళ్లు మూసుకున్నాడు. హేరిమ్ లేవబోతే తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది.

సెబ్యోల్ కళ్లు తుడుచుకుంది. ముక్కల్ని వేలితో అటూ ఇటూ జరిపింది.

"మనం నలుగురం కదా. సమానంగా పంచాలంటే ఎలా?"

సమాధానం చెప్పబోయి జాంగ్సిక్ ఆగిపోయాడు.

"నువ్వే చూడు" అన్నాడు మెల్లగా. "తొందరేం లేదు."

మార్చిలో హేరిమ్ సియోల్ బండి ఎక్కుతుంటే పెట్టె మోసుకుంటూ వచ్చాడు జాంగ్సిక్. బోర్డు మాట అప్పటికీ పూర్తిగా మానలేదు. చదువయ్యాక చూద్దాంలే అంటున్నాడు. చూడక్కర్లేదని హేరిమ్ అంటూనే ఉంది.

"నీ పరిశోధనలో నా పేరు రాస్తావా?" అనడిగాడు ఉన్నట్టుండి.

"పేర్లు రాయం నాన్నా."

"సరే." పెట్టె లోపల పెట్టి, కిందికి దిగి, కిటికీ దగ్గరికి వచ్చాడు. అద్దం అడ్డం ఉందని గొంతు పెంచబోయి, డాక్టరు మాట గుర్తొచ్చి, ఫోన్ తీసి కూతురికి కాల్ చేశాడు.

"పేరు లేకపోయినా సరే. జరిగింది మాత్రం తగ్గించి రాయకు."