వేట తగ్గుతుందని చదివిన పొద్దున

వీరవేణి క్యారేజీలో చద్దన్నం సర్ది, పైన ఉల్లిపాయ పెట్టి మూత బిగించింది. భర్త బుజ్జిబాబు అరుగు మీద వల మడత పెడుతున్నాడు. కొడుకు సురేష్‌బాబు పడవ ఇంజనుకి డీజిలు డబ్బా నింపుతున్నాడు. పోటు తిరిగేలోపు పడవ గట్టు వదలాలి.

కూతురు వీరదుర్గ తడి జుట్టుతోనే వచ్చి తండ్రి ఎదుట నిలబడింది. ఆమె చేతిలో నాలుగు రోజులుగా పట్టుకు తిరుగుతున్న కాగితం ఉంది. వచ్చే ఐదేళ్ళలో తమ జిల్లాలో ఏ పరిశ్రమకి ఎంతమంది కావాలో అంచనా వేసిన పట్టిక అది. ఇంటర్ కాలేజీలో సుప్రియ మేడమ్ తీసి ఇచ్చారు.

"నాన్నా, ఐటీఐలో చేరడానికి ఈరోజే ఆఖరు. నాలుగింటిలోపు భీమవరంలో ఉండాలి. పెట్టె తాళం ఇస్తే సర్టిఫికెట్లు తీసుకుంటాను."

"మగాళ్ళు చేసే మెకానిక్కు పని నీకేంటే? ఫ్యాక్టరీకే పోవాలనుంటే రొయ్యలు ఒలుచుకో. మీ పెద్దమ్మ కూతుళ్ళు పోవట్లేదా?"

"ఒలిచేవాళ్ళు ఇప్పటికే ఎక్కువున్నారు నాన్నా. కోల్డ్ స్టోరేజీ మిషన్లు బాగుచేసేవాళ్ళే దొరకట్లేదు. నేను శాతాలు చూసి మోసపోలేదు. ఇద్దరున్నచోట నలుగురైతే రెట్టింపంటారు, కొత్త ఉద్యోగాలు మాత్రం రెండే. అందుకే మొత్తం ఎంతమంది కావాలో చూశాను. మెకానిక్కులు మూడొందల మంది. అదే చేపలవేట చూడు, తగ్గుతుందని రాశారు."

వీరవేణి గిరుక్కున కూతురి వైపు తిరిగింది. వేటకు బయలుదేరే మనిషి ముందు అలాంటి మాట ఆ పేటలో పసిపిల్లలు కూడా అనరు. ఇంట్లో ఉప్పు అయిపోయినా నిండుకుందంటారు.

బుజ్జిబాబు లేవడం ఆమె చూడలేదు. చెంప పగిలిన చప్పుడే విన్నది. దుర్గ గుమ్మానికి కొట్టుకుని కింద పడింది. పెదవి చిట్లి గడ్డం మీదుగా నెత్తురు కారింది.

"నాన్న నోట్లో మట్టి కొట్టడానికా నీకు చదువు?" సురేష్‌బాబు చెల్లెలి జుట్టు పట్టి పైకి లాగాడు. "నాన్న కాళ్ళు పట్టుకో. అన్నది తప్పని చెప్పు."

"చెప్పను. రాసింది నేనా?"

బుజ్జిబాబు కాగితం లాక్కుని ముక్కలు చేశాడు. గోడకి ఆనించిన తెడ్డు అందుకుని కూతురి వీపు మీద వేశాడు. రెండో దెబ్బకి వీరవేణి అడ్డం వెళ్ళింది. మోచేయి నుంచి భుజం దాకా మంటెత్తింది. క్యారేజీ దొర్లి అన్నమంతా నేల పాలైంది.

"ఇక చాలు మావా."

"నువ్వూ దాని పక్కేనా? మూడు తరాలు ఈ గోదారి మీద బతికాం. కాగితం ముక్క చూసి దిగిపోమంటుందా?"

వీరవేణి వంటింట్లోకి వెళ్ళి సన్నికల్లు మీది పొత్రం రెండు చేతులతో ఎత్తి, సర్టిఫికెట్లున్న పెట్టె దగ్గరికి నడిచింది. బుజ్జిబాబు ఒక్క అంగలో వచ్చి తాళం మీద అరచెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యి."

"తియ్యను. ఏం చేస్తావు?"

పొత్రం అప్పటికే గాలిలో ఉంది. ఆగగలిగేదే. ఆగలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరి మీదా ఎత్తని చేతులవి.

తాళం ఊడింది. బుజ్జిబాబు మూడు వేళ్ళు నలిగిపోయాయి. అతని నోట వచ్చిన కేకకి పక్కింటి వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. సురేష్‌బాబు తల్లి మీదికి రెండడుగులు వేసి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

దుర్గ పెట్టె వైపు చూడనైనా చూడలేదు. తన ఓణీ చింపి తండ్రి చేతికి చుట్టడం మొదలుపెట్టింది. అతను ఆ చెయ్యి లాక్కోలేదు. కాసేపటికి, ఆమె తల వంచుకుని ముడి వేస్తుంటే గొణిగాడు.

"ఆ ముక్క నువ్వు చదవక్కర్లేదే. వల లాగేటప్పుడు నా చేతికి తెలుస్తూనే ఉంది. బరువుండట్లేదు. ఎవరితో చెప్పను?"

వీరవేణి పొత్రం కింద పెట్టింది. సంతకి తను మోసే చేపల బుట్ట సగానికి వచ్చి రెండేళ్ళైంది. ఆ మాట తనూ అతనికి చెప్పలేదు. అంటే అతనికి బెంగని తను, తనకి బెంగని అతను మింగుకుంటూ వచ్చారు. చివరికి ఆ నిజం నోరు తెరిచి చెప్పిన పిల్లకే దెబ్బలు పడ్డాయి. కళ్ళ నిండా నీళ్ళు తిరిగి ఆమెకి ఎదుటి మనుషులు కనబడలేదు.

"నన్ను ఆసుపత్రికి మీ అమ్మ తీసుకెళ్తుంది. నువ్వు సర్టిఫికెట్లు తీసుకుని బస్సుకి పో," అన్నాడు బుజ్జిబాబు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఆ కాగితంలో మీ అన్నకేమన్నా ఉందా?"

దుర్గ వాచిన పెదవి తుడుచుకుంది. "ఉంటే ఉంటుంది నాన్నా. అడగాల్సింది వాడు."

సురేష్‌బాబు నేల మీద గొంతుక్కూర్చుని, మెతుకుల్లోంచి కాగితం ముక్కలు ఒక్కొక్కటే ఏరి, తుడిచి, చెల్లెలి ముందు పరిచాడు.

"చూడవే," అన్నాడు. ఆమె ముఖంలోకి చూడలేక.