చెత్తబుట్టలో అన్నం

లండన్ వెళ్లొచ్చిన దగ్గర్నుంచి అంతోని వరస మార్తకి అనుమానంగానే ఉంది. ఉండదూ మరి? పొద్దున కాఫీ తాగడం ఆలస్యం, పెరట్లో గోనెపట్టా పరిచి, ఇంటి చెత్తబుట్ట బోర్లించి, పుల్లతో కెలుకుతూ కూర్చుంటున్నాడు మహానుభావుడు.

అతను బెజవాడ మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరు. చెత్త సంగతులు నేర్చుకు రమ్మని పంపారు. అక్కడ ఇంటింటికీ మూత డబ్బా, దాన్నెత్తుకెళ్లడానికి లారీ. ఇక్కడ వీధి మలుపులో కుప్ప, దానిమీద పందులు. ఎద్దుబండి రాకపోతే సగం బందరు కాలువలోకే.

"వాళ్ల డబ్బాల్లో కాగితాలు, రేకులు, తినగా మిగిలిన రొట్టె. మన బుట్టలో బూడిదా తొక్కలే. ముందు మన చెత్తేమిటో తెలిస్తేగదా, ఆ లారీలు మనకి పనికొస్తాయో లేదో తేలేది!" అంటాడు.

ఆ రోజు మడిచిన విస్తరాకు ఒకటి విప్పి, పుల్లతో అన్నం ముద్దలు పక్కకి లాగాడు.

"మార్తా! ఇంత అన్నం ఎవరు పారేశారు? నిన్నా ఇంతే ఉంది."

మార్తకి ఒళ్లు మండింది. "నా దుబారా పట్టుకోడానికా ఈ కెలుకుడు? మీ అమ్మగార్నడగండి. ఎవరి విస్తరి వాళ్లేగా తీసేది! నా వంట పారేసి, కోడలు తిండి పెట్టట్లేదని ఊరంతా చెప్పుకోడానికి. ఇంత అనుమానపు కొంపలో నేనుండను, గన్నవరం బస్సెక్కి పుట్టింటికి పోతా."

వెనక గుమ్మంలో అత్తగారు సంపూర్ణమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో.

"గొంతు దిగట్లేదమ్మాయ్," అంది నెమ్మదిగా. "ముద్ద ఇక్కడ అడ్డం పడుతోంది."

"చెప్పవేం అమ్మా?" అంతోని పుల్ల పారేసి లేచాడు.

"నేను చిక్కిపోతుంటే, కోడలు కడుపు మాడుస్తోందని వీధిలో అప్పుడే గుసగుసలురా. అందుకే అరుగుమీద కూచుని, నలుగురూ చూసేట్టు నిండుగా వడ్డించుకునేదాన్ని. దిగనిది విస్తరి మడతలో పెట్టేసేదాన్ని."

మార్త గుమ్మం దగ్గరికెళ్లింది. అత్తగారి చెయ్యి పట్టుకుంటే ఎముకలే తగిలాయి. ఇన్నాళ్లూ ఎదురుగానే ఉన్న మనిషి. ఏడుపు ఆగలేదు.

"నన్ను అల్లరి పెట్టడానికనుకున్నానత్తయ్యా..."

అంతోని పెద్దాసుపత్రికి రిక్షా పిలవడానికి పరిగెత్తాడు. మార్త పల్చగా జావ కాచి, అరుగుమీద అత్తగారి పక్కన కూర్చుని, చల్లార్చి చెంచాతో అందించింది. ఎదురింటి తలుపు తీసిన చప్పుడవగానే ముసలామె నిటారుగా సర్దుకుని, గబగబా మింగబోయింది.

మార్త ఆమె గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"వాళ్లకేసి కాదత్తయ్యా, నాకేసి చూడండి. మెల్లగా తాగండి."