ఆరనియ్యి

ఆదివారం అరసవల్లి దర్శనం క్యూలో నిలబడి కుసుమకుమారి శ్రీకాకుళంలో తను పరిశోధన చేసే కాలేజీ ల్యాబుకి ఫోను చేసింది. పక్కనే వాళ్ల నాన్న జగన్నాధం, కొబ్బరికాయ పట్టుకుని.

"దేవేంద్రా, నా జింక్ ఆక్సైడ్ బిళ్లలు ఫర్నేసులో పెట్టు. నాలుగొందల డిగ్రీలు, రెండు గంటలు. తరవాత ఆరనియ్యి. వేడి మీద తలుపు తీసీకు, పగిలిపోతాయి."

సరిగ్గా 'ఆర' అనగానే గుడిగంట మోగి మిగతా మాటని మింగేసింది. ల్యాబు అసిస్టెంటు దేవేంద్రకి అది 'తరవాత ఆరొందలు' అని వినిపించింది. తప్పు చెవిదా, గంటదా? స్వామి గంటను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

సోమవారం లాగ్ పుస్తకంలో ఆరు వందలు అని చూసి కుసుమ కూలబడింది. మూడు నెలలు కష్టపడి చేసిన నానో పొడి అంతా ఆ నాలుగు బిళ్లల్లోనే ఉంది. నెలాఖరుకి సెమినారు. ఆమె తిట్టలేదు.

"ఇక మీరు నా బిళ్లలు ముట్టుకోకండి" అంది.

రెండేళ్లుగా నువ్వు అన్న మనిషి మీరు అనేసరికి దేవేంద్రకి ఆ పూట అన్నం సయించలేదు. ఆ వారమే మనసులో మాట చెబుదామనుకున్నాడు. ఇప్పుడు ఏ ముఖంతో చెప్పడం?

నాలుగు రోజులు ల్యాబులో ఇద్దరూ చెరో మూల పని చేసుకున్నారు. శుక్రవారం, పారేసే ముందు ఒకసారి చూద్దామని కుసుమ ఒక బిళ్లను మీటరుకి తగిలించింది. నిరుడు నాలుగొందల్లో కాల్చినదానితో పోలిస్తే కరెంటుకి నిరోధం పదోవంతు కూడా లేదు. మళ్లీ చూసింది. నాలుగు బిళ్లలదీ అదే మాట.

"దేవేంద్రా, ఇలా రా. ఇది సూడు."

"నన్నేనా, మీరు పిలిసింది?"

"ఎటకారమా? ముందు సూడు."

అప్పుడే జగన్నాధం చీపురుపల్లి నుంచి కూతురికి కేరేజీ తెచ్చాడు. మొన్న ఫోనులో మాడిపోయాయన్న బిళ్లలకి ఈ సంబరమేమిటని అడిగాడు.

"ఇవి సన్న గింజలు నాన్నా. గింజకీ గింజకీ మధ్య గట్టుంటాది. కరెంటు అక్కడ ఆగిపోతాది. గట్టిగా కాలిస్తే గింజలు కలిసి పెద్దవవుతాయి, గట్లు తగ్గుతాయి, కరెంటు సులువుగా పోతాది."

రైతుకి గట్టు సంగతి ఇంకొకరు చెప్పాలా? ఆయన చూపు కూతురి ముఖం మీంచి ఆ అబ్బాయి మీదికి వెళ్లింది. ఎవరబ్బాయివని అడిగాడు. తండ్రి గంగులు సముద్రంలో చేపలవేటకు వెళ్తాడని దేవేంద్ర చెప్పాడు.

జగన్నాధం కేరేజీ బల్ల మీద పెట్టాడు. కుసుమే నోరు తెరిచింది.

"సెమినారయ్యాక సెబుదామనుకున్నాను నాన్నా. నాకు దేవేంద్రంటే ఇష్టం."

దేవేంద్ర చేతిలో బిళ్ల జారబోయింది. పట్టుకున్నాడు.

జగన్నాధం కేరేజీ మూత తీసి, మళ్లీ బిగించాడు.

"మనకీ ఆళ్లకీ మధ్య గట్టు నేనెయ్యలేదమ్మా. మా తాతలేసింది. ఒక్క పూటలో తియ్యమంటే ఎలాగ?"

కేరేజీ కూతురి వైపు జరిపాడు.

"వేడి మీద తలుపు తీస్తే పగిలిపోతాదన్నావు కదా. నన్నూ కాస్త ఆరనియ్యి. వచ్చే ఆదివారం అరసవల్లిలో ఉంటాను. ఈ బాబుని, ఆళ్లమ్మా నాన్నని అక్కడికి రమ్మను."

ఈసారి ఏ గంటా మోగలేదు. దేవేంద్ర సరిగ్గానే విన్నాడు.