ప్రోసర్ గారి షెడ్డులో పంతొమ్మిది డిగ్రీలు

జూలై వచ్చింది. ఎండ బ్రెకన్ ఊరిని రెండు నెలలుగా మాడ్చేస్తోంది. నెస్టా వాన్ డిటెక్టివ్ ఆఫీసులో కిటికీలు రెండూ తెరిచే ఉన్నా గాలి లేదు. ఆవిడ సహాయకుడు హ్యూ బీవన్ పాత కేసు కాగితంతో విసురుకుంటూ ఉండగా తలుపు తోసుకుని గ్విలిం ప్రోసర్ లోపలికి వచ్చాడు. డెబ్బై రెండేళ్ల మనిషి. ముప్పై ఏళ్లు ఈ కొండదారుల్లో బస్సు నడిపి రిటైరయ్యాడు.

"నెస్టా గారూ, ఎవడో నా బీరు పాడు చేస్తున్నాడు. ఎవడో కాదు, ఇడ్రిస్ ప్యూ. నా పక్కింటివాడు. నలభై ఏళ్ల స్నేహం మాది" అన్నాడు కూర్చోకుండానే.

మరొకరైతే నవ్వేవారే. నెస్టా నవ్వలేదు. పోలీసు శాఖలో పద్దెనిమిదేళ్లు పనిచేసి బయటికొచ్చిన మనిషి. ఎదుటివాళ్లకు పెద్దదైనది తనకు చిన్నదని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. హ్యూ ఆవిడ దగ్గర పనికి కుదిరింది అందుకే. తపాలా ఉద్యోగం వదిలి సంచి దించిన మర్నాడే వచ్చి చేరాడు.

"కూర్చోండి. మొదటినుంచీ చెప్పండి."

నాలుగు వారాల్లో మనవరాలి పెళ్లి. పెళ్లిలో అందరికీ గ్లెనిస్ బీరు పోయాలని గ్విలిం కోరిక. గ్లెనిస్ ఆయన భార్య, పోయి రెండేళ్లయింది. ఇంట్లో బీరు కాచడం ఆయనకు నేర్పింది ఆవిడే. ఆవిడ చేతిరాతలో ఉన్న కాగితం చూసుకుంటూ మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అదే మాల్టు, ఉడికించి, రసం చల్లార్చి, పులియడానికి ఈస్ట్ కలిపాడు. మొదటి బకెట్ మగ్గిన అరటిపండులా కంపు కొట్టింది. రెండోది గోళ్ల రంగు తుడిచే మందులా ఘాటెక్కింది. రెండూ మోరీలో పోశాడు.

"వేడెక్కితే అలా అవుతుందంటారు కదా?" అడిగింది నెస్టా.

"అవుతుంది. కానీ నాది వేడెక్కదమ్మా. బకెట్‌ని నీళ్ల తొట్టిలో పెడతాను. నా పాత చొక్కా ఒకటి దాని మీద కప్పుతాను. చొక్కా నీళ్లు పైకి పీల్చుకుంటుంది, ఆ తడి ఆరుతూ లోపలిదాన్ని చల్లబరుస్తుంది. పాల సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి పొద్దున ఏడింటికి రెండు, రాత్రి ఏడింటికి రెండు తొట్టిలో వేస్తాను. మిషన్లూ గిషన్లూ కొనే స్తోమత మాకెప్పుడూ లేదు. గ్లెనిస్ ఇలాగే చేసేది." జేబులోంచి నోటుబుక్కు తీశాడు. "చూడండి. పొద్దున పంతొమ్మిది డిగ్రీలు, రాత్రి పంతొమ్మిది. ప్రతిరోజూ. వాడే ఏదో కలుపుతున్నాడు."

"షెడ్డు తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి?"

"నా దగ్గరొకటి. వంటింట్లో మేకుకి ఒకటి. మా చెల్లెలు ఓల్వెన్ నాతోనే ఉంటుంది, కానీ బీరు వాసన దానికి పడదు, ఆ గడప తొక్కదు. మూడోది ఇడ్రిస్‌కిచ్చాను. మొదటి బకెట్ పాడయ్యాక నిలదీస్తే నా మొహాన విసిరేసి పోయాడు. రెండో బకెట్ కూడా పాడయిందంటే దొంగ తాళంచెవి చేయించుకున్నాడన్నమాటే. మూడో బకెట్ నిన్న రాత్రే మొదలెట్టాను. ఇది కూడా పోతే ఇంక టైము లేదు."

"పగలంతా మీరు ఇంట్లోనే ఉంటారా?"

"పదకొండింటికి బౌల్స్ ఆటకి పోతాను, పచ్చికలో బంతులు దొర్లించే ఆట. అయిదింటికి వస్తాను."

నెస్టా తలాడించింది. "అయిదున్నరకి మీ ఇంటికి వస్తాం."

వాళ్లు వెళ్లేసరికి ఓల్వెన్ పెరటి గుమ్మంలో చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. పక్కింటి కంచె దగ్గర ఇడ్రిస్ బీన్స్ తీగలకు నీళ్లు పోస్తూ ఇటు చూడనట్టు నటిస్తున్నాడు. పెరట్లో హుషారుగా ఉన్నది ఒక్క ఫ్లోసే. పద్నాలుగేళ్ల తెల్ల గొర్రెలకుక్క తోకాడిస్తూ వచ్చి హ్యూ బూట్లు వాసన చూసింది. హ్యూ వంగి దాన్ని నిమిరాడు. పొట్ట కింది బొచ్చు తడిగా, చల్లగా తగిలింది.

"గ్లెనిస్ కుక్క. నాకంటే దానికే ఓపికెక్కువ" అన్నాడు గ్విలిం.

షెడ్డు పొయ్యిలా ఉంది. తొట్టిలో నీళ్లు, నీళ్లలో బకెట్, దాని మీద నీలం చొక్కా. రెండు సీసాలు తేలుతున్నాయి. నెస్టా ఒకటి పైకెత్తింది. లోపల సగానికి పైగా మంచే.

"పొద్దున ఏడింటికి వేసినవేనా ఇవి?"

"అవే. రోజూ సాయంత్రానికి ఇంత మంచు మిగులుతుంది. అంత బాగా పనిచేస్తోంది."

నెస్టా సీసాని మళ్లీ నీళ్లలో వదిలింది. చొక్కా భుజం మీదినుంచి ఒక తెల్ల వెంట్రుక తీసి వెలుతురులో పట్టుకుంది. గ్విలిం తన కురచ జుట్టు తడుముకుని "నాదేలెండి, రాలిపోతోంది" అన్నాడు. వెంట్రుక బెత్తెడు పొడవుంది. బకెట్ పక్కకి, నీటి మట్టానికి కింద అతికించిన వేడి కొలిచే పట్టీ పంతొమ్మిది చూపిస్తోంది. నెస్టా తన సంచిలోంచి థర్మామీటరు తీసి, మరిగిన నీళ్లతో కడిగించి, మూత కొంచెం ఎత్తి బీరులోకి దించింది. అంకె చూసి హ్యూకి చూపించింది. ఇరవై ఆరు.

"హ్యూ, ఇడ్రిస్ గారిని పిలువు. ఓల్వెన్ గారిని కూడా."

ఇడ్రిస్ రానన్నాడు. "దొంగ అన్నవాడి షెడ్డులో నాకేం పని?"

"దొంగ మీరు కాదని నెస్టా గారు చెప్పబోతున్నారండి, వినడానికైనా రండి" అన్నాడు హ్యూ. ఇడ్రిస్ గొట్టం కింద పడేసి వచ్చాడు.

అయిదుగురూ షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. నెస్టా గొంతు పెంచకుండా మొదలుపెట్టింది.

"ఈ బీరులో ఎవరూ ఏమీ కలపలేదు. ఇది మధ్యాహ్నం పూట వేడెక్కింది, అంతే. మొదటి మూడు రోజులూ ఈస్ట్ తనంతట తనే వేడి పుట్టిస్తుంది. అప్పుడు రోజూ ఒక పూట చల్లదనం తప్పితే రుచి పోతుంది. గ్విలిం గారూ, మీ పట్టీ చూపించేది తొట్టిలో నీళ్ల చల్లదనం, లోపలి బీరుది కాదు. పైగా మీరు చూసేది పొద్దునా రాత్రీ మాత్రమే."

"మరి సీసాలు పగలంతా అందులోనే ఉన్నాయి కదా?"

"ఈ ఎండలో పది గంటలు నీళ్లలో ఉన్న సీసాలో సగం మంచు మిగలదు. ఇవి గంట క్రితం ఫ్రీజర్‌లోంచి వచ్చినవి. మీరటు వెళ్లగానే పొద్దుటి సీసాల్ని ఎవరో తీసుకెళ్తున్నారు. చొక్కాని కూడా. మీరొచ్చే ముందు చొక్కా తడిపి కప్పి, కొత్త సీసాలు వేస్తున్నారు. ఇది ఫ్రీజర్ అందుబాటులో ఉన్నవాళ్లే చేయగలరు. తాళంచెవి విసిరేసి పోయినప్పటినుంచీ ఇడ్రిస్ గారు మీ వంటింట్లోకి అడుగే పెట్టలేదు." నెస్టా వెంట్రుకని చూపించింది. "ఇది మనిషి వెంట్రుక కాదు. ఇంత ఎండలో ఈ పెరట్లో చల్లగా ఉన్న ప్రాణి ఒక్కటే."

ఓల్వెన్ ఏప్రన్ అంచు నలుపుతూ నేల చూసింది.

"నేనే అన్నయ్యా. మే నెలలో ఫ్లోస్ వంటింట్లో పడిపోయింది. నువ్వు ఆటకి పోయావు. డాక్టరు గుండె జబ్బన్నాడు, వేడి తగలనివ్వొద్దన్నాడు. సీసాల మధ్య పడుకోబెట్టి, నీ చొక్కా తడిపి కప్పితే కుదురుగా నిద్రపోతుంది. వేరే గుడ్డ కప్పితే లాగేస్తుంది. నీ వాసన కావాలి దానికి."

"నాకెందుకు చెప్పలేదే?"

"గ్లెనిస్ పోయినప్పుడు నువ్వు మూడు నెలలు నోరు విప్పలేదు. ఇప్పుడు దాని కుక్క కూడా పోతుందని ఏ నోటితో చెప్పమంటావు? ఆ అయిదు గంటల చల్లదనానికి బీరు పాడవుతుందని నాకేం తెలుసు? తెలిసుంటే..." ఆగింది. "తెలిసినా తీసుకెళ్లేదాన్నేమో."

గ్విలిం బయటికి నడిచి, ఫ్లోస్ పక్కన గడ్డిలో చతికిలబడి, దాని చెవుల వెనక గోకాడు.

"ఎన్నాళ్లన్నాడు డాక్టరు?"

"చల్లగా చూసుకుంటే ఈ వేసవి గడుస్తుందన్నాడు."

"అయితే సీసాలన్నీ దీనికే. బీరు పోతే పోనీ. పెళ్లికి షాపులో కొంటాను." తలెత్తి ఇడ్రిస్ వైపు చూశాడు. "ఇడ్రిస్, నేను... నిన్ను ఊరందరి ముందూ..."

"అన్నావు. చర్చి బయట అన్నావు, చేపల కొట్లో అన్నావు. బస్టాపులో కూడా అన్నావట" అన్నాడు ఇడ్రిస్.

"తప్పయిపోయిందిరా."

ఇడ్రిస్ వెనక్కి తిరిగి కంచె దాటి ఇంట్లోకి పోయాడు. గ్విలిం తల దించుకున్నాడు. హ్యూకి ఏదో ఒకటి అనాలనిపించింది. నెస్టా కళ్లతోనే వారించింది.

"ఈ బీరు ఇంకా పోలేదు. దీనికి చల్లదనం తప్పింది ఒక్క పూటే. ఇప్పట్నుంచి వదలకుండా చల్లగా ఉంచితే నిలబడచ్చు" అంది ఆవిడ.

"ఏం పెట్టి ఉంచను? ఫ్రీజర్‌లో నాలుగు సీసాలకి మించి పట్టవు."

అంతలో ఇడ్రిస్ తలుపు మళ్లీ తెరుచుకుంది. రొట్టెల ట్రే ఒకటి పొట్టకి ఆనించుకుని వగరుస్తూ వస్తున్నాడు. అందులో గడ్డకట్టిన బఠాణీల సంచులు, రెండు ఐస్‌క్రీం డబ్బాలు, మంచుపట్టిన ఒక కోడి.

"మా ఫ్రీజర్‌లో సీసాలు పెట్టాను, రేపటికి గడ్డకడతాయి. ఈ పూటకి ఇవి చాలు" అన్నాడు. "కోడి మాత్రం కుక్కకి దూరంగా పెట్టు."

గ్విలిం లేచి ట్రేకి రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరికొకరు అడుగులు కలుపుకుంటూ, బఠాణీలు ముందు తొట్టిలో వెయ్యాలా ఐస్‌క్రీం వెయ్యాలా అని అప్పుడే వాదులాడుకుంటూ షెడ్డులోకి వెళ్లారు.