వరదయ్య గారి మ్యాపులో పదకొండు ఊటలు

"మా నాయన ఇంట్లో లేడు. మ్యాపు గడప దాటదు. రెండూ చెప్పేసినాను, ఇంక పోయి రండి."

తిరుచానూరులో ఆ ఇంటి ముందు నిలబడి నేనింకా నమస్కారం కూడా పూర్తి చెయ్యలేదు. చేతులు దారిలో ఉన్నాయి. ఆమె అప్పుడే తలుపు సగం మూసేసింది.

"నేను మ్యాపు కోసం వచ్చానని ఎలా తెలుసండీ?"

"భుజాన సంచి, సంచిలో చుట్టిన కాగితాలు, ఎండకు మాడిన మొహం. మ్యాపు కోసం వచ్చేవాళ్ళంతా ఇట్లనే ఉంటారు. అమ్మవారి కోసం వచ్చేవాళ్ళు కొంచెం నీటుగా ఉంటారు."

తలుపు పూర్తిగా మూసుకుంది.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం, ఏప్రిల్ నెల. నా పేరు జయచంద్ర. సొంతూరు పుత్తూరు, చదివింది ఎమ్మెస్సీ జియాలజీ. శేషాచలం కొండల నేషనల్ పార్కులో ఎండాకాలం జంతువులకు నీళ్ళు ఎక్కడెక్కడ దొరుకుతాయో వెతికి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. అదీ టెంపరరీ. ఆఫీసులో నాకిచ్చిన మ్యాపు జిరాక్సుకి జిరాక్సు. అందులో కొండలు, వాగులు, నాకు ముందు పనిచేసినాయన వేలిముద్రలు, అన్నీ ఒకే నలుపు. పంతొమ్మిది వందల ఇరవై ఆరులో మద్రాసులో అచ్చయిన అసలు మ్యాపు లాడ్జి మేనేజరు వరదయ్య గారింట్లో ఉందని అడవి వాచర్ మునస్వామి చెబితే పరుగెత్తుకొచ్చాను.

తలుపు మూసినామె మోహన, వరదయ్య గారి రెండో కూతురు. బీఎడ్ పరీక్షలు రాసి రిజల్ట్సు కోసం ఎదురుచూస్తోంది. వేరే పని లేని మనిషి నోరు ఎంత పదునుగా ఉంటుందో ఆ రోజే తెలిసింది నాకు.

సాయంత్రం వరదయ్య గారు లాడ్జి నుంచి వచ్చేదాకా అరుగు మీదే కూర్చున్నాను. ఆయన నా సంగతంతా విని, నన్ను కాళ్ళు కడుక్కోమని, బీరువా పైనుంచి తెల్లపంచెలో చుట్టిన కట్ట దించారు.

మంచమంత మ్యాపు. దళసరి కాగితం, వెనక గుడ్డ అంటించి ఉంది. మైలుకి నాలుగు అంగుళాల లెక్క. కొండల ఎత్తు చెప్పే గోధుమరంగు గీతలు వెంట్రుకంత సన్నగా ఉన్నాయి. గీతలు దగ్గర పడిన చోట కొండ నిటారు, ఎడమైన చోట చదును. వాగులకు, ఊటలకు చేత్తో పూసిన నీలం. నాలుగు మూలలా కుంకుమ బొట్లు.

"మా నాయన చెంగయ్య సర్వే పార్టీలో నేల కొలిచే చైను లాగినాడప్పా. పన్నెండేండ్లు ఆ కొండల్లోనే తిరిగినాడు. ఊటలన్నీ ఆయన చూపిస్తేనే దొరలు రాసుకున్నారు. పని వదిలేటప్పుడు ఇది చేతిలో పెట్టినారంట. ఆయుధపూజకు తప్ప నేను బయటికి తీయను. ఈడనే కూర్చుని గీసుకో. దీనికి ఏమన్నా అయిందో, మళ్ళీ నా గడప తొక్కొద్దు."

అచ్చయిన ఊటలు తొమ్మిది. ట్రేసింగు పేపరు మీద దింపుకోవడానికి రెండు రోజులు చాలు. కానీ మామండూరు పైభాగంలో నా కళ్ళు ఆగిపోయాయి. లేత నీలం అంచుతో గుండ్రాలు, ఒక్కొక్కటీ రూపాయి బిళ్ళంత. మ్యాపు అడుగున ఉన్న గుర్తుల పట్టీలో అలాంటి గుర్తే లేదు. లెక్కపెడితే పదకొండు. నాలుగు ఒక వరుస, నాలుగు ఒక వరుస, మూడు ఒక వరుస. స్కేలు పెట్టాను. ఒకదానికీ ఒకదానికీ మధ్య సరిగ్గా రెండంగుళాలు, అంటే అర మైలు.

నేల లోపల రాయి పొడవునా పగిలి ఉంటే ఊటలు ఇలా వరుసగా పుడతాయి. ఫాల్ట్ లైను. ఒకటి కాదు, మూడు.

"సార్, ఇవి ఎవరికీ తెలియని ఊటలు," అన్నాను. "పదకొండు."

వరదయ్య గారు కళ్ళజోడు తుడుచుకుని వంగి చూశారు. "అవునప్పా. చిన్నప్పుడే చూసినట్టు గుర్తు. మా నాయన ఏదో రహస్యం పెట్టినాడని అప్పుడే అనుకున్నా."

వంటింటి గుమ్మంలో మోహనకు పొలమారింది. లోపల ఆమె అవ్వ, అంటే వరదయ్య గారి తల్లి కుప్పమ్మ, చేతిలో గరిటె జారవిడిచింది. ఇంటిల్లిపాదీ కదిలిపోయారని నేను సంతోషించాను.

రెండు రోజుల పని నలభై రోజులు పట్టింది. ఆ గుండ్రాల చుట్టూ ఉన్న ప్రతి గీతనూ దింపుకున్నాను. నిజం చెప్పాలంటే, అన్ని గీతలు దింపనక్కర్లేదు. మధ్యాహ్నం మూడింటికి కాఫీ తెచ్చే మనిషి గొంతు వినకపోతే నాకు ఆ రోజు గడిచేది కాదు, అదీ సంగతి.

"ఏం జియాలజీ సార్, ఈరోజు ఎంతవరకు వచ్చింది?"

"మూడో ఊట దగ్గరున్నాను."

"మొన్న కూడా మూడో ఊట దగ్గరే ఉంటిరి."

"సైన్సులో తొందర పనికిరాదండీ."

"తొందర లేదులే. తాపీగా గీయండి," అని గ్లాసు నా చేతికే ఇచ్చి, తాగేదాకా అక్కడే నిలబడి, ఖాళీ గ్లాసు తీసుకుపోయేది. మ్యాపున్న గదిలో గ్లాసు కింద పెట్టడం నిషేధం.

మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన. "మిద్దె మీద వడియాలు తడిసిపోతాయమ్మా," అని కుప్పమ్మ కేక. మోహన మెట్లెక్కింది, వెనకే నేను. పాత చీర మీద ఆరబెట్టిన వడియాలు. చెరో కొస పట్టుకుని ఎత్తాం. చినుకులు ఆమె కనురెప్పల మీద నిలిచి, అక్కడినుంచి దిగడానికి మొహమాటపడుతున్నాయి. ఆమె నన్ను చూసింది. చీరను చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"చూస్తా ఉంటే మీకేమన్నా తోస్తోందా?" అంది.

"తోస్తోంది," అన్నాను.

"ఏం తోస్తోంది?"

"ఇప్పుడు చెప్పలేను."

ఆమె నిట్టూర్చింది. "ఇంతకంటే నేనెట్ల చూపించేది సామీ," అని వడియాలతో కిందికి దిగిపోయింది. ఆ నిట్టూర్పుతో నాకు మూడు రోజులు అన్నం సహించలేదు.

నెలాఖరుకి కొండకు ప్రయాణం పెట్టుకున్నాం. నేను, మునస్వామి, లాడ్జికి సెలవు పెట్టిన వరదయ్య గారు. ఆయన వీధి వీధంతా చెప్పేశారు. మొదటి ఊట దగ్గర కొట్టడానికి టెంకాయ కూడా సంచిలో పెట్టుకున్నారు. బయల్దేరే ముందు రోజు మోహన కాఫీ ఇస్తూ గొంతు తగ్గించింది.

"ఆ గుండ్రాల కోసం పోవద్దు. అవి ఊటలు కావు."

"ఎలా తెలుసు?"

"తెలుసు, అంతే. ఎట్లని అడగొద్దు."

"మీరు జియాలజీ చదివారా?"

"మీరు చదివినారు గదా, అదే నా బాధ."

నాకు రోషం వచ్చింది. నలభై రోజుల పనిని ఒక్క మాటతో తీసేసిందని, తెలియని విషయాల్లో తల దూర్చొద్దని అనేశాను. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. ఆమె మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదటిసారి, నాకేమీ నచ్చలేదు.

కొండ మీద రెండు రోజులు తిరిగాం. అచ్చయిన తొమ్మిది ఊటల్లో ఎనిమిదింటిని దారిలోనే చూశాం, ఆ ఎండలో కూడా అన్నింటిలోనూ నీళ్ళున్నాయి. కానీ గుండ్రాలు ఉన్న చోట రాయి, పక్కన ఇంకో రాయి, దాని పక్కన ఎండిన గడ్డి.

"ముప్పై ఏండ్లుగా ఈ అడివిలో తిరగతా ఉండా సార్," అన్నాడు మునస్వామి. "ఈ పక్కకు వస్తే ఎలుగుబంటి కూడా నీళ్ళసీసా తెచ్చుకుంటాది."

పదకొండో గుండ్రం దగ్గర రాతి సందులోకి వంగి చూడబోయి జారాను. చీలమండ ఎముక చిట్లింది. నేను మూలుగుతూ ఉంటే వరదయ్య గారు బండ మీద కూర్చుని, ఒళ్ళో కొట్టని టెంకాయ పెట్టుకుని, మెల్లగా అన్నారు.

"మా నాయన అబద్ధం గుర్తులు పెట్టినాడా అప్పా?"

నా కాలు నొప్పి కంటే ఆ మాట ఎక్కువ నొప్పి పెట్టింది.

ఎముక విరిగితే దేశమంతా పుత్తూరుకు వస్తుంది. నేను మా ఇంటికి వెళ్ళాను. పసరు పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. మా అమ్మ భారతమ్మ, కట్టు కోసమైనా కొడుకు నెల రోజులు ఇంటిపట్టున ఉంటాడని లోలోపల సంబరపడింది.

మూడు వారాల తర్వాత మోహన వచ్చింది. మోకాలికి కట్టు కట్టించాలని అవ్వను పిలుచుకొచ్చి, ఆమెను అక్కడ వరుసలో కూర్చోబెట్టి, అడ్రసు కనుక్కుని మా ఇంటికి వచ్చింది. మా అమ్మ నీళ్ళు తేవడానికి లోపలికి పోగానే అంది:

"అవి వడియాలు."

"ఏవి?"

"మీ ఫాల్ట్ లైను."

నాకు అర్థం కాలేదు. ఆమె నేల చూపులు చూస్తూ మొత్తం చెప్పింది. ఆరేళ్ళ కిందట వాళ్ళక్క పెళ్ళికి సారె వడియాలు పెట్టారట. పాత చీరలు చాల్లేదు. వరదయ్య గారు లాడ్జిలో ఉన్నారు. కుప్పమ్మ బీరువా పైనుంచి మ్యాపు దించి, గుడ్డవైపు పైకి పరిచి, మిగిలిన పిండి పెట్టేసింది. ఎండిన వడియాలు ఊడాలంటే గుడ్డను తిరగేసి వెనకనుంచి నీళ్ళు చల్లాలి. ఆ నీళ్ళు మ్యాపు మొహం మీద పడ్డాయి. వాగుల నీలం కరిగి, తడి గుండ్రాల అంచుకు చేరి నిలిచిపోయింది.

"సరిగ్గా అర మైలు దూరంలో ఉన్నాయే," అన్నాను నీరసంగా.

"అవ్వ చెయ్యి అట్లాంటిది. యాబై ఏండ్లుగా పెడతా ఉండాది."

"మూడో వరుసలో నాలుగోది ఎందుకు లేదా అని నేను రెండు పేజీలు రాశానండీ."

"పిండి అయిపోయింది."

నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. కళ్ళు నిండి ఉన్నాయి.

"నాయన మ్యాపు దించడంలేదు. తాత మాటెత్తితే లేచిపోతాడు. నిజం చెప్తే అవ్వను తిట్టడు, మాట్లాడటం మానేస్తాడు. ఈ వయసులో ఆమె తట్టుకోలేదు. చెప్పకపోతే తాత అబద్ధాలోడు అయిపోతాడు. ఏం చేసేది నేను?"

కట్టు విప్పిన మర్నాడు, ఆదివారం, కుంటుకుంటూ తిరుచానూరు వెళ్ళాను. వరదయ్య గారు కుర్చీలో ఉన్నారు. మోహన, కుప్పమ్మ గుమ్మంలో ఉన్నారు. మోహనను ఒకసారి బాగా చూసుకున్నాను. ఇప్పుడు నేను చెప్పబోయే మాటకు ఈ ఇంట్లో ఇంక నాకు చోటుండదని తెలుసు. ఆమెను మళ్ళీ చూస్తానన్న నమ్మకం లేదు.

"సార్, ఆ గుండ్రాలు మీ నాయన పెట్టినవి కావు. నేను చేసినవి. మొదటి రోజు మీరు లోపలికి వెళ్ళినప్పుడు కాఫీ గ్లాసు మ్యాపు మీద పెట్టాను. తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఊటలని చెప్పాను."

మోహన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వరదయ్య గారు లేచి, బీరువా పైనుంచి కట్ట దించి మ్యాపు పరిచారు. వంటింట్లోకి వెళ్ళి కాఫీ గ్లాసు తెచ్చి ఒక గుండ్రం మీద పెట్టారు. గ్లాసు అడుగు గుండ్రానికి రెండింతలుంది.

"ఈ గ్లాసేనా?"

"అవును సార్."

"పదకొండు సార్లు పెట్టినావా?"

"కాఫీ బాగా వేడిగా ఉండింది సార్."

"వరస తప్పకుండా?"

"చిన్నప్పటినుంచీ నాకు పద్ధతి ఎక్కువ సార్."

"నీలం కాఫీ యాడ దొరికిందప్పా నీకు, మా ఇంట్లో?"

కుప్పమ్మ గోడ పట్టుకుని ముందుకొచ్చింది.

"ఇంక సాలు నాయనా. ఆ బిడ్డతో ఇంకెన్ని గ్లాసులు తాగిస్తావు? అవి నేను పెట్టిన వడియాలు. పెద్దమ్మి పెండ్లికి."

వరదయ్య గారు చాలాసేపు మ్యాపునే చూశారు. చిన్నప్పుడే చూసినట్టు గుర్తన్న మనిషి ఆయనే కాబట్టి, ఎవరి మొహమూ చూడలేకపోతున్నారనుకుంటాను.

"అయితే మా నాయన చూపించినవి?" అన్నారు చివరికి.

"తొమ్మిది సార్. ఎనిమిది మనం చూసినవే, అన్నింటిలోనూ నీళ్ళున్నాయి. మిగిలిన ఒక్కటీ మునస్వామి పోయినవారం చూసొచ్చాడు. జింకలు తాగుతున్నాయంట. నా రిపోర్టులో ఆ తొమ్మిదే రాశాను, చెంగయ్య గారు చూపించినవని కూడా రాశాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు.

"అమ్మా, నన్నొక మాట అడిగింటే నా పంచె ఇచ్చిందును గదా," అన్నారు. మాట్లాడినందుకే కుప్పమ్మ ఏడ్చేసింది.

తర్వాత ఆయన నావైపు తిరిగారు. "నా చేత తిట్లు తినాలని నీకేం తలరాతప్పా?"

"మోహన అంటే నాకు ప్రాణం సార్," అన్నాను. అంత సూటిగా అనాలని అనుకోలేదు, వచ్చేసింది. "ఆమె ఏడుస్తా ఉంటే చూడలేకపోయినాను." నా ఎమ్మెస్సీ భాష కూడా ఆ మాటతో పోయి, పుత్తూరు భాష బయటపడింది.

వరదయ్య గారు కూతురి మొహం చూశారు. ఆమె ఎటూ చూడకుండా నిలబడింది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆయనకు కావలసిన జవాబు అక్కడ దొరికినట్టుంది.

"వచ్చే ఆదివారం మీ అమ్మా నాయనను పిలుచుకురా," అన్నారు. "కాఫీ మాత్రం అరుగు మీదే ఇస్తాం."

చెప్పులు వేసుకుంటుంటే మోహన అరుగు దాకా వచ్చింది. కుంటుతున్న కాలు చూసింది. నాకు కాస్త కోపం మిగిలే ఉంది.

"నలభై రోజులు నాతో గీయించారు. రాళ్ళ మీద తిప్పించారు. మొదటి రోజే నా ఒక్కడి చెవిలో 'అవి వడియాలు' అని చెప్పి ఉంటే ఏం పోయేది? నేనెవరికీ చెప్పేవాణ్ణి కాదు కదా."

ఆమె వాకిలివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, మొదటిసారి నన్ను నువ్వు అంది.

"చెప్పింటే మూడో రోజు నువ్వు మా ఇంటికి వచ్చిందువా?"