నాలుగో చుట్టు

"అలమరలో నా పాటల పుస్తకం ఏదిరా సంజయ్?"

అమృతం అలమర తలుపు తెరిచి పట్టుకునే ఉంది. అడిగింది ఫ్రెంచిలోనే. మారిషస్‌లో పుట్టి, నలభై ఏళ్ళ కిందట మెల్‌బోర్న్ వచ్చిన ఆవిడకి ఇంట్లో నోరు తిరిగే భాష అదే. తెలుగంటే దీపస్తంభం చుట్టూ తిరుగుతూ పాడే రామభజన పాటలే... అవైనా అత్తగారు అలివేలమ్మ ఫ్రెంచి అక్షరాల్లో రాసిచ్చిన పుస్తకంలో చూసుకుంటూ పాడేది!

సంజయ్ మొహం తిప్పుకున్నాడు. "పడేశానమ్మా. సంఘంలో అందరివీ పడేశాం. ఇకమీదట తెలుగు పాట తెలుగు అక్షరాల్లోనే! కొత్త పుస్తకాలు అచ్చేయించాం కదా."

"ఎక్కడ పడేశావు?"

"పాత కాగితాలేసే పసుపు మూత బిన్‌లో... పొద్దున్నే కౌన్సిల్ లారీ వచ్చి వెళ్ళిపోయింది."

అమృతం కుర్చీలో కూలబడింది. రెండేళ్ళ కిందటిదాకా వాడు ఆవిణ్ణి ఫ్రెంచిలో "మమాఁ" అనే పిలిచేవాడు. అప్పుడు ఈ ఊళ్ళోనే, కేరమ్ డౌన్స్ గుడి దగ్గర ఎవడో "తెలుగు రాని తెలుగోళ్ళా!" అని నవ్వాడు. ఆ రోషంతో అక్షరాలు దిద్దాడు, "మనది తెలుగు జాతి" అంటూ మారిషస్ తెలుగువాళ్ళ సంఘానికి సెక్రటరీ అయ్యాడు. అలాగని చెడ్డవాడా అంటే కాదు! భర్త పోయిన మనిషని ఆవిణ్ణి దీపస్తంభం ముట్టనివ్వని పెద్దలతో కొట్లాడి, ఆ చేతికి అగ్గిపెట్టె ఇప్పించింది కూడా వాడే. బాగుచేస్తామని బయల్దేరేవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. ఇల్లు ఊడుస్తూ ఊడుస్తూ ఇంట్లో ముసలమ్మనీ ఊడ్చేస్తారు!

వంటింట్లోంచి కోడలు హరిప్రియ వచ్చింది. రాజమండ్రి పిల్ల, ఇక్కడికి చదువుకోడానికి వచ్చి స్థిరపడింది.

"చెక్ చేయకుండా ఎలా పడేస్తారండీ? అత్తయ్య పాడే ఆ చెరుకు పాట మా వైపు నేనెక్కడా వినలేదు!"

"కొత్త పుస్తకంలో ఉంటుందిలే."

"ఉంటే చూపించండి మరి!"

పేజీలు తిరగేశాడు. మళ్ళీ మొదటినుంచి తిరగేశాడు. ఆ పాట లేదు.

"ఎందుకుంటుందిరా?" అంది అమృతం. "మీ నానమ్మ మారిషస్ తోటల్లో చెరుకు కొడుతూ కట్టుకున్న పాట అది. నాలుగు చరణాలు, దీపం చుట్టూ నాలుగు చుట్లు. ఆ పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు..."

"నన్ను తిట్టమ్మా! రెండు దెబ్బలెయ్యి!"

"ఏ మొహంతో తిట్టను నాన్నా? నిన్ను దొరబిడ్డలా పెంచాలని ఎంత ఆరాటపడ్డానో! మీ నానమ్మ ఈ కిటికీ దగ్గర కూర్చుని పాడితే, పక్కింటివాళ్ళు కూలిజనం అనుకుంటారని తలుపులు మూసేశాను. ఆవిడ ఒక్క మాటా అనలేదు... తర్వాత పాడనూ లేదు. కాగితమే పోగొట్టావు నువ్వు. నేను గొంతే మూయించానురా!"

ముగ్గురూ ఏడ్చారు. కాసేపటికి సంజయ్ నోటుబుక్కు తెచ్చుకున్నాడు. "గుర్తున్నంత చెప్పు." తెలుగు అక్షరాల్లో మొదలుపెట్టాడు. అమృతం తొంగి చూసింది.

"తప్పో ఒప్పో నేనెలా చూసేది?"

వాడు ఆ పేజీ చింపేసి, కొత్త పేజీలో ఫ్రెంచి అక్షరాలు మొదలుపెట్టాడు.

"చెరకాకు కోసింది రామా... చేతి నెత్తురు నీదేను రామా..."

మూడు చరణాలు వచ్చాయి. నాలుగోది రాలేదు. "సముద్రం గురించి ఏదో ఉండేది... దాటొచ్చిన వాళ్ళ గురించి..." అంటూ కళ్ళు మూసుకుంది. వారమంతా గిన్నెలు తోముతూ, బట్టలారేస్తూ వెతుక్కుంటూనే ఉంది. దొరకలేదు.

శనివారం సాయంత్రం సంఘం హాల్లో అమృతమే దీపస్తంభం వత్తి వెలిగించింది. సంజయ్ ఆ కాగితాన్ని ఆవిడ కళ్ళ ముందు పట్టుకుని పక్కనే నడిచాడు. మూడు చుట్లు అందరూ గొంతు కలిపారు.

కాగితం అయిపోయింది. జనం ఆగిపోబోయారు. అమృతం మాత్రం ఆగలేదు! పెదవులు బిగించి, తాళాలు వాయిస్తూ నడిచింది. పాట లేని ఆ నాలుగో చుట్టులో తాళాల చప్పుడూ అడుగుల చప్పుడూ తప్ప ఏమీ వినపడలేదు.

"మమాఁ..." అన్నాడు సంజయ్, అందరి ముందూ.

ఆవిడ తల ఊపింది, నడవమన్నట్టు.