నల్ల టేపు దారి

పొద్దున్నే టీ మరుగుతుండగా కూతురి చూపు నడవా మీద పడింది. నాన్న పడకగది గుమ్మం నుంచి వెనక గది దాకా తెల్లటి నేల మీద అడ్డంగా నల్ల టేపు ముక్కలు, మూరెడు ఎడంతో వరసగా అతికించి ఉన్నాయి. ఆమెకి ఒళ్లు మండింది. మండదూ మరి? టైల్సు అమ్మే షోరూంలో మేనేజరు ఆమె. ఆ నడవా టైల్సు తనే ఏరి, దగ్గరుండి వేయించింది. వాటి మీద మరక పడితే తన మొహం మీద పడినట్టే ఉంటుంది ఆమెకి.

నాన్న ఉద్యోగమంతా ఆసుపత్రి వెనక చిన్న గదిలో కట్టుడు పళ్లు చేయడంతోనే గడిచింది. "ఈ ఊళ్లో సగం నవ్వులు నా బల్ల మీద పుట్టినవే" అని మీసం మెలేసేవాడు. పని మానేశాక ఆ సన్నటి ఆకురాళ్లూ, పట్టకార్లూ రైళ్ల మీదకి మళ్లాయి. ఇత్తడి రేకు కత్తిరించి, మడిచి, టంకం వేసి అరచేతిలో పట్టే గూడ్సు పెట్టెలూ ఇంజన్లూ చేస్తాడు. వాటిని బొమ్మలంటే మాత్రం ఊరుకోడు, నమూనాలనాలి. పార్కిన్సన్స్ వచ్చి చేతులు వణకడం మొదలయ్యాక ఆ పిచ్చి వదులుతుందని అందరూ అనుకున్నారు. వదలలేదు సరికదా, మునుపెన్నడూ చేయనంత పెద్ద ఆవిరి ఇంజనుకి పూనుకున్నాడు. ఈ ఆదివారం రైలు నమూనాల క్లబ్బు వాళ్ల ప్రదర్శనలో దాన్ని నడిపి తీరాలన్నది ఆయన పట్టు.

నాలుగు రోజులు ఉండి చూసుకుందామని నిన్న చీకటి పడ్డాక వచ్చిన కూతురు నడవా గమనించలేదు గానీ, కాసేపటికి ఆయన చూపుడు వేలి మీద బొబ్బ కనిపించింది. టంకం వేసే వేడి కడ్డీ తగిలి కాలింది. ఏం చేస్తుంటే కాలిందని అడిగితే మాట దాటేశాడు. రాత్రంతా ఆమెకి నిద్ర లేదు.

అమ్మ మందుల షాపుకి వెళ్లింది. నాన్న ఇంకా లేవలేదు. ఇదే అదననుకుని ఆమె చీర కుచ్చిళ్లు దోపి, మోకాళ్ల మీద కూర్చుని, టేపు ముక్కలన్నీ గోటితో గీకి పీకేసింది. తడిగుడ్డతో తుడిచింది. నేల మళ్లీ అద్దంలా మెరిసింది. ఆ ఊపులోనే వెనక గదికి తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుంది. ఇల్లంతా ఒక దారికి తెచ్చానని సంతోషపడింది కూడా.

కాసేపటికి నాన్న లేచి గుమ్మం దాకా వచ్చాడు. వచ్చి అక్కడే ఆగిపోయాడు.

"రా నాన్నా, టీ చల్లారిపోతోంది."

"వస్తున్నా" అన్నాడు. ఒళ్లు ముందుకి వంగింది గానీ కాళ్లకి మేకులు కొట్టినట్టు పాదం లేవలేదు. నేల వంక వెతుక్కుంటున్నట్టు చూశాడు.

"ఏంటలా చూస్తావు? చెయ్యి పట్టుకో" అంటూ ఆమె చెయ్యి పట్టి లాగింది. మనిషి వచ్చాడు, పాదాలు రాలేదు. ఆయన ముందుకి తూలాడు. ఎలాగో నడుం పట్టుకుని ఆపింది గానీ, ఇద్దరూ కలిసి నేల మీద కూలబడ్డారు.

సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది. మొగుణ్ణి చూడలేదు, కూతుర్ని చూడలేదు, ముందు నేల చూసింది.

"టేపు ఎవరు పీకారు?"

"నేనేనమ్మా. అంత అసహ్యంగా..."

"అసహ్యమా?" అమ్మ చేతిలో సంచీ పక్కన పెట్టింది. "ఉత్త నేల మీద మీ నాన్న కాలు లేవదే. అడ్డంగా ఒక గీత కనబడితే, దాన్ని దాటడానికి లేస్తుంది. ఆ మధ్య క్లబ్బు వాళ్లు పాత రైలు పట్టాలు చూపించడానికి తీసుకెళ్లారు. ఇంట్లో వంటింటి దాకా రాలేని మనిషి, అక్కడ పట్టాల కింద అడ్డంగా పరిచిన స్లీపర్ల మీద టకటకా నడుచుకుంటూ పోయారు. నేను వెనకాల పరిగెత్తాల్సి వచ్చింది. ఇంటికొచ్చి ఆయన కొలత చెప్తే నేను అతికించాను. నీ టైల్సు పాడు చేయాలని నాకేం సరదా కాదు."

అద్దంలా మెరుస్తున్న నేలని చూస్తే మొదటిసారి ఆమెకి భయం వేసింది.

అమ్మా కూతుళ్లు చెరో వైపు పట్టుకుని ఆయన్ని లేపారు. అమ్మ తన పాదాన్ని ఆయన పాదం ముందు అడ్డంగా పెట్టింది. ఆయన దాన్ని దాటాడు. మళ్లీ పెట్టింది, మళ్లీ దాటాడు. అలా వెనక గది దాకా వెళ్లాక తాళం కనబడింది.

"చెవి ఇవ్వు" అన్నాడు నాన్న.

"ఇవ్వను." కూతురు కొంగు ముడిని పిడికిట్లో బిగించింది. "టేపు విషయం నాకు తెలీదు, తప్పు నాదే. కానీ ఇది మాత్రం కుదరదు. నిన్న వేలు కాలింది, రేపు ఇల్లు కాలుతుంది. నీకు ఇంజను ముఖ్యమా, నువ్వు ముఖ్యమా?"

"ఆ రెండూ వేరని నీకెవరు చెప్పారు?"

"నాన్నా, నీ చేతులు చూసుకో ఒకసారి."

ఆయన కుడిచెయ్యి చాపాడు. అది ఆకులా వణుకుతూనే ఉంది. దాచుకోలేదు. "రోజూ చూసుకుంటూనే ఉన్నానమ్మా. మంచం మీద కూర్చుంటే నేను రోగిని. డాక్టరు దగ్గర కూర్చుంటే రోగిని. నువ్వు ఫోన్ చేసినా మాత్రలు వేసుకున్నావా అనే అడుగుతావు, ఏం చేస్తున్నావు అని అడగవు. ఆ బల్ల దగ్గర కూర్చున్నంతసేపే నేను నేనుగా ఉంటాను. దానికి తాళం వేశావు నువ్వు. ఈ చెయ్యి ఊరికే కూర్చుంటే వణుకుతుంది. పని చెప్పి చూడు."

ఆమె ఏడుస్తూ ముడి విప్పింది.

ఆయన బల్ల ముందు కూర్చున్నాడు. ముంజేతిని ఇసక సంచీ మీద ఆనించాడు, చిటికెన వేలు బల్ల అంచుకి నొక్కాడు. పళ్ల పని చేసినన్నాళ్లూ ఆయన కూర్చున్న తీరు అదే. పట్టకారుతో గుండుసూది తలకాయంత మేకు తీశాడు. చెయ్యి ఒకసారి అదిరింది. ఆగాడు. ఊపిరి వదిలాడు. మేకు వెళ్లి చక్రాల్ని కలిపే కడ్డీ చిల్లులో కూర్చుంది. వేలితో తోస్తే ఆరు చక్రాలూ ఒక్కటిగా తిరిగాయి.

కూతురు వంగి చక్రాన్ని తన వేలితో కూడా ఒకసారి తోసి చూసింది.

"మాత్ర పని చేస్తున్నంతసేపే ఇలా. అది తగ్గాక చెంచా కూడా పట్టుకోలేరు" అంది అమ్మ. "ఆ సంగతి ఆయనకీ తెలుసు. అప్పుడు కడ్డీ ముట్టుకోరు."

"మరి నిన్నెలా కాలింది?"

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. "నిన్న కాస్త ఆశకి పోయాను. ఆదివారం చెప్తాలే, ఇన్‌స్పెక్టరమ్మా."

చిన్నప్పుడు పక్కింటి వాళ్ల నేల మీద కూడా దుమ్ము వెతికేదని ఆయన ఆమెకి పెట్టిన పేరు అది. ఆ పేరుతో పిలిచి ఎన్నేళ్లయిందో. ఆమె కళ్లు తుడుచుకుని, కొత్త టేపు చుట్ట తీసుకుని, పొద్దున్న పీకిన చోటే మళ్లీ మోకాళ్ల మీద కూర్చుంది. షోరూంలో వాడే కొలత టేపుతో కొలిచి మరీ అతికించింది.

"వంకర లేకుండా వేస్తోంది చూడు, నీలా కాదు" అన్నాడు నాన్న అమ్మతో.

"అవునులెండి, కూతురు వేస్తే బంగారం" అంది అమ్మ.

ఆదివారం క్లబ్బు హాలు కిటకిటలాడింది. ఆ చివర, కొండలూ వంతెనలూ ఉన్న పెద్ద బల్ల మీద పట్టాలు పరిచి ఉన్నాయి. నాన్న చేసిన గూడ్సు పెట్టెలు అప్పటికే అక్కడ వరసగా నిలబడి ఇంజను కోసం చూస్తున్నాయి. ఇంజను ఉన్న అట్టపెట్టె మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. గుండెలకి హత్తుకుని గుమ్మం దాకా తెచ్చుకున్నాడు. ఎదురుగా పాలిష్ పెట్టిన హాలు నేల నున్నగా మెరుస్తోంది.

కాళ్లు ఆగిపోయాయి.

జనం తిరిగి చూశారు. ఎవరో కుర్చీ తెమ్మన్నారు. క్లబ్బు సెక్రటరీ ఎదురొచ్చి "ఇటివ్వండి సార్, మేం పెట్టేస్తాం" అని చెయ్యి చాపాడు. నాన్న మొహం పాలిపోయింది. పెట్టెని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం, కాస్త జరగండి" అంటూ కూతురు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నల్ల టేపు తీసింది. పట్టుచీరతోనే నేల మీద కూర్చుంది. ఒక ముక్క, మూరెడు దూరంలో ఇంకో ముక్క. వెనక్కి జరుగుతూ అతికిస్తూ పోయింది. అమ్మ పక్కనే కత్తెరతో ముక్కలు కోసి అందించింది.

"అమ్మా, పాలిష్ నేల, జిగురు అంటుకుంటుంది" అన్నాడు సెక్రటరీ.

"నేల సంగతి నాకు వదిలేయండి. నా ఉద్యోగమే అది" అంది ఆమె తల ఎత్తకుండా.

నాన్న మొదటి గీత వంక చూశాడు. పాదం లేచింది. గీత దాటింది. రెండోది లేచింది. హాలు మొత్తం రెండుగా చీలి దారి ఇచ్చింది. పెట్టెలో ఇంజనుతో, స్లీపర్ల మీద నడిచే కుర్రాడిలా, ఆయన ఆగకుండా బల్ల దాకా నడిచాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. "ఇంకా నడవాల్సింది నేను కాదు, ఇది" అని ఆయన కసిరాడు.

మోచెయ్యి బల్లకి ఆనించాడు, చిటికెన వేలు నొక్కాడు. ఇంజను పట్టాల మీదకి దిగింది. ఒక చక్రం పట్టా తప్పింది. సాయానికి ముందుకొచ్చిన సెక్రటరీ చేతిని ఈసారి కూతురే పట్టుకుని ఆపింది. నాన్న చెయ్యి అదిరింది, ఆగింది, మళ్లీ కదిలింది. టక్ మని చక్రం కూర్చుంది. ఆయన మీట తిప్పాడు. ఇంజను ఒక్కసారి జంకి, బరువంతా కూడగట్టుకుని కదిలింది. వెనక ఒక్కో గూడ్సు పెట్టే ఊపందుకుంటూ కదిలింది. వంతెన దాటి, కొండ చుట్టి, రైలు ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చింది. ఈసారి చప్పట్లకి ఆయన అడ్డు చెప్పలేదు.

రైలు కూతురి ముందే ఆగింది. ఆమె వంగి చూసింది. ఇంజను పక్కన, వేలెడంత ఇత్తడి పలక మీద, సన్నటి తీగ వంచి టంకం వేసిన అక్షరాలు. ఇన్‌స్పెక్టరమ్మ. చివరి అక్షరం మాత్రం కాస్త పక్కకి ఒరిగింది.

"అదిగో, ఆ చివరి అక్షరం దగ్గరే వేలు కాలింది" అన్నాడు నాన్న. "అప్పటికి మాత్ర పని అయిపోవచ్చింది. ఆపేయాల్సింది. కానీ నువ్వొచ్చి ఇంట్లో ఉన్నావు, సగం పేరుతో వదలబుద్ధి కాలేదు. అది వంకరగా ఉంది, మళ్లీ చేస్తాను."

"ముట్టుకున్నావంటే ఊరుకోను" అంది ఆమె. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. "నాన్నా, తర్వాత ఏం చేస్తున్నావు?"

ఆయన కళ్లు నిండాయి.

"పాసింజరు బండి" అన్నాడు. "నువ్వు మాత్రం ఆ టేపు పీకకు. తిరిగి గుమ్మం దాకా కూడా నడిచే వెళ్తాను."